పది బేళ్లు, పది బేళ్లూ: ‘ఒక’కూ ‘ప్రతి’కీ మధ్య పరిధి పేచీ

క్లుప్తంగా: ‘ప్రతి’, ‘అందరూ’ లాంటి పరిమాణవాచకాలు ‘ఒక’, ‘ఎవరో’ లాంటి అనిశ్చిత పదాలతో ఒకే వాక్యంలో కలిసినప్పుడు, ఏది దేని పరిధిలో ఉన్నదన్న దాన్ని బట్టి అర్థం మారుతుంది. ఇంగ్లీషును ముందు పెట్టుకుని కట్టిన సిద్ధాంతాలు ఈ పనిని కంటికి కనబడని అమరికకు అప్పగించాయి. తెలుగు దాన్ని చాలావరకు మాటల వరుసకూ, ఒక్కొక్క, తలా, చొప్పున వంటి గుర్తులకూ అప్పగించింది. ఆ గుర్తులు లేనిచోట, ముఖ్యంగా ‘లేదు’ వచ్చి చేరినచోట, తికమక మిగిలే ఉంటుంది.

పొగాకు బేళ్ల (కట్టల) వేలం సాగే నెలల్లో ప్రకాశం, నెల్లూరు జిల్లాల రైతుల నోట ఈ రెండు వాక్యాలూ వినిపిస్తాయి: ‘పది బేళ్లు అమ్ముడుపోయాయి’, ‘పది బేళ్లూ అమ్ముడుపోయాయి’. రాతలో తేడా ఒక్క దీర్ఘం. మొదటి వాక్యం చెప్పిన రైతు ఇరవై బేళ్లు తెచ్చి ఉండవచ్చు, సగం వెనక్కి తీసుకుపోతూ ఉండవచ్చు. రెండో వాక్యం చెప్పిన రైతు తెచ్చినవే పది, ఇక బండిలో ఏమీ మిగల్లేదు. మొదటి దాంట్లో ‘పది బేళ్లు’ అనిశ్చితం: ఏ పదో వినేవారికి తెలియదు, తెలియనవసరం లేదు. రెండో దాంట్లో ఆ పది ముందే తెలిసినవి, వాటిలో ఒక్కటీ మినహాయింపు కాదు.

ఇలాంటి తేడాలను లెక్కలంత కచ్చితంగా చెప్పాలని చూసే శాస్త్రం రూపాత్మక అర్థవిజ్ఞానం. వాక్యం ఏ పరిస్థితుల్లో నిజమవుతుంది, ఏ పరిస్థితుల్లో అబద్ధమవుతుంది అన్నదే దాని ప్రశ్న. ఆ శాస్త్రంలో అర్ధశతాబ్దంగా తెగని పేచీల్లో ఒకటి ‘ఒక’, ‘ప్రతి’ కలిసినప్పుడు ఏమి జరుగుతుందన్నది.

ఒక అధికారి, అన్ని కేంద్రాలు

‘ఈ నెలలో ప్రతి వేలం కేంద్రానికీ ఒక అధికారి వస్తారు’ అని ఒక ప్రకటన వచ్చిందనుకుందాం. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి కేంద్రాలకు ఒక్కో అధికారి చొప్పున వస్తారని ఒక అర్థం. ఒకే అధికారి ఈ అయిదు చోట్లకూ తిరుగుతారని ఇంకో అర్థం. మొదటి అర్థంలో ‘ఒక అధికారి’ అన్నది ‘ప్రతి’ పరిధిలో ఉంది. కేంద్రం మారితే అధికారి మారవచ్చు. రెండో అర్థంలో ‘ఒక అధికారి’ పైన ఉన్నాడు. ముందు మనిషి తేలాకే కేంద్రాలు లెక్కలోకి వస్తాయి. ‘ఈ నెలలో’ తీసేసి ‘సోమవారం ఉదయం పది గంటలకు’ అని పెడితే రెండో అర్థం దానంతటదే రాలిపోతుంది. కారణం వ్యాకరణం కాదు, ఒకే మనిషి ఒకే వేళకు కనిగిరిలోనూ కొండపిలోనూ ఉండలేడన్న లోకజ్ఞానం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలా పరిచయ వ్యాసాలు దాటేస్తాయి. ఒకే అధికారి అన్ని చోట్లకూ వస్తే, ప్రతి చోటికీ ఒక అధికారి వచ్చినట్టే కదా. అంటే రెండో అర్థం నిజమైన ప్రతిసారీ మొదటి అర్థమూ నిజమే. అలాంటప్పుడు రెండో అర్థం వేరుగా ఉందనడం దేనికి, అది మొదటి అర్థంలో ఇమిడిపోయే ఒక సందర్భం మాత్రమే కదా అని అడగవచ్చు. ఈ వాదన ‘ఒక’కు నిలుస్తుంది కానీ ‘సరిగ్గా ఒక’ దగ్గర కూలిపోతుంది. ఒక అధికారి అయిదు కేంద్రాలకూ వచ్చాడు, ఇంకొకరు ఒంగోలుకు మాత్రమే వచ్చారు అనుకుందాం. ‘అన్ని కేంద్రాలకూ వచ్చిన అధికారి సరిగ్గా ఒకరు’ అన్నది నిజం. ‘ప్రతి కేంద్రానికీ వచ్చింది సరిగ్గా ఒకరు’ అన్నది అబద్ధం, ఎందుకంటే ఒంగోలుకు ఇద్దరు వచ్చారు. రెండు పరిధులూ విడివిడిగా ఉన్నాయనడానికి ఈ పరీక్ష చాలు.

తర్కం నుంచి వచ్చిన పనిముట్లు

ఒక పరిమాణం ఇంకొక పరిమాణం లోపల ఇమిడే తీరును మొదటిసారి సరిగ్గా రాయగలిగింది జర్మన్ తార్కికుడు గాట్‌లాబ్ ఫ్రేగె, 1879లో. 1905లో బెర్ట్రాండ్ రసెల్ ‘ఒక మనిషి’ లాంటి పదబంధం ఎవరి పేరూ కాదని, అలాంటివాడు ఉన్నాడన్న ఉనికి ప్రకటన మాత్రమేనని వాదించాడు. ఇవి గణితం కోసం పుట్టిన పనిముట్లు. వాటిని మామూలు భాషకు తెచ్చి అమర్చినవాడు అమెరికన్ తార్కికుడు రిచర్డ్ మాంటెగ్యూ. ఆయన చనిపోయిన రెండేళ్లకు, 1973లో, వెలువడిన పరిశోధన పత్రంలో ‘ప్రతి మనిషి’, ‘ఒక స్త్రీ’ రెండూ ఒకే జాతి పదబంధాలు. ఒకే వాక్యానికి రెండు అర్థాలు రావడానికి కారణం, వాక్యాన్ని కట్టేటప్పుడు వాటిలో దేన్ని ముందు లోపల పెట్టి దేన్ని తర్వాత పైన పెట్టామన్నది. పైకి వినిపించే వాక్యంలో ఈ వరుస కనబడదు.

ఇంగ్లీషుకు ఈ పద్ధతి బాగా కుదిరింది. తెలుగుకు వచ్చేసరికి రెండు చోట్ల సందేహం పుడుతుంది. వరుస నిజంగానే కనబడదా? ‘ఒక’, ‘ప్రతి’ నిజంగానే ఒకే జాతివా?

మాటల వరుస చేసే పని

‘ఒక వ్యాపారి ప్రతి బేలునూ పరిశీలించాడు’ అన్న వాక్యంలో వ్యాపారి ఒక్కడే. బేలుకో వ్యాపారి చొప్పున చూశారన్న అర్థం తెలుగువారికి సహజంగా తట్టదు. ఇంగ్లీషులో దీనికి సరిపోయే వాక్యానికి ఆ రెండో అర్థమూ దొరుకుతుంది. తెలుగులో అది కావాలంటే బేలును ముందుకు తేవాలి: ‘ప్రతి బేలునూ ఒక వ్యాపారి పరిశీలించాడు’. క్రియ చివర వచ్చే జపనీస్, హిందీ వంటి భాషల్లోనూ ఇదే ధోరణిని పరిశోధకులు గమనించారు. మాటలను అటూ ఇటూ జరిపే స్వేచ్ఛ ఉన్న భాష ఆ స్వేచ్ఛను అర్థం తేల్చడానికి ఖర్చు పెడుతుంది. మాటల స్థానం బిగిసిపోయిన ఇంగ్లీషుకు ఆ వీలు లేదు కాబట్టి ఒకే వరుస మీద రెండు అర్థాలు మోయిస్తుంది.

అయితే ఈ సూత్రం రెండు వైపులా సమానంగా పని చేయదు. ‘ప్రతి’ ముందున్నంత మాత్రాన ‘ఒక’ తప్పనిసరిగా దాని కింద అణగి ఉండదు. ‘ప్రతి బేలునూ ఒక వ్యాపారి పరిశీలించాడు. ఆయనది గుంటూరు’ అని కొనసాగించడంలో ఇబ్బంది లేదు. రెండో వాక్యంలోని ‘ఆయన’ ఒకే మనిషిని పట్టుకుంటున్నది. అంటే వెనకున్న ‘ప్రతి’ పైకి ఎక్కలేదు, వెనకున్న ‘ఒక’ మాత్రం ఎక్కగలదు. రెండూ ఒకే జాతివైతే ఈ పక్షపాతం ఉండకూడదు.

‘ఒక’ కంచె దాటుతుంది

ఆ పక్షపాతం షరతు వాక్యాల్లో ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. ‘ప్రతి కొనుగోలుదారుడూ వస్తే వేలం మొదలవుతుంది’ అంటే అందరూ రావాలి. ‘ఏ కొనుగోలుదారుడిని తీసుకున్నా, అతను వస్తే చాలు’ అన్న అర్థం ఈ వాక్యానికి రానే రాదు. ‘ప్రతి’ ఆ ‘వస్తే’ అన్న కంచె లోపలే ఉండిపోతుంది. ‘ఒక కొనుగోలుదారుడు వస్తే వేలం మొదలవుతుంది’ అన్న దానికి మాత్రం రెండర్థాలు: ఎవరో ఒకరు వస్తే చాలన్నది ఒకటి, ఫలానా పెద్ద కొనుగోలుదారుడు ఒకడున్నాడు, అతని కోసమే అందరూ ఆగి ఉన్నారన్నది రెండోది.

భాషాశాస్త్రవేత్తలు జానెట్ ఫోడర్, ఐవన్ సాగ్ 1982లో దీనికి ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. అనిశ్చిత పదబంధానికి రెండు ముఖాలు; ఒకటి పరిమాణవాచకం, ఇంకొకటి దాదాపు పేరు లాంటిది. పేరు ఏ కంచె లోపల ఉన్నా నేరుగా మనిషినే చూపిస్తుంది కాబట్టి దానికి కంచె అడ్డు కాదు. ఈ లెక్కన ‘ఒక’ అన్నిటికంటే పైకి పోవాలి, లేదా కంచె లోపలే ఉండాలి, మధ్యలో ఆగకూడదు.

కానీ మధ్యలోనూ ఆగుతుంది. ‘ప్రతి మేనేజరూ ఒక రైతు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు’ అన్న వాక్యాన్ని చూడండి. కొండపి మేనేజరును ఒక రైతు ప్రశ్నలతో నిలదీశాడు, అన్నిటికీ జవాబు వచ్చింది. పొదిలి మేనేజరును వేరే రైతు నిలదీశాడు, అక్కడా అంతే. రైతు మేనేజరును బట్టి మారుతున్నాడు కాబట్టి పేరు లాంటివాడు కాదు. ప్రశ్నను బట్టి మారడం లేదు కాబట్టి కంచె దాటి బయటికి వచ్చినవాడే. ఇలాంటి వాక్యాల ఒత్తిడికి 1990ల చివర తాన్యా రైన్‌హార్ట్ వంటివారు ఇంకో దారి ప్రతిపాదించారు. ‘ఒక రైతు’ అన్నది రైతుల గుంపులోంచి ఒకరిని ఎంచే ప్రమేయమని (ఫంక్షన్), ఆ ఎంపిక వాక్యంలో ఏ ఎత్తున జరిగితే ఆ ఎత్తు అర్థం వస్తుందని, పదబంధం మాత్రం ఉన్నచోటు నుంచి కదలనక్కరలేదని వారి వాదం.

తెలుగు వాడుకలో ఈ రెండర్థాలను విడదీసే మాటలు సిద్ధంగా ఉన్నాయి. ‘ఎవరైనా వస్తే’ అంటే కంచె లోపలి అర్థం. ‘ఒకాయన వస్తే’ అంటే దాదాపు ఎప్పుడూ ఫలానా మనిషే. మాట్లాడేవారు సందిగ్ధమైన ‘ఒక’ను వదిలి ఈ రెంటిలో ఒకటి వాడుకుంటారు. సిద్ధాంతానికి కష్టమైన వాక్యాలు బజారులో అంతగా వినబడకపోవడానికి ఇదొక కారణం.

నామవాచకాన్ని ఒట్టిగా వదిలేయడం ఇంకో ఉపాయం. ‘అతను బేలు కొనలేదు’ అంటే కొనడమే జరగలేదు. ‘అతను ఒక బేలు కొనలేదు’ అంటే ఒక బేలు అతని చేతిలోంచి తప్పిపోయిందన్న అర్థం వెంటనే వస్తుంది. ‘బేలును కొనలేదు’ అని ద్వితీయా విభక్తి చేర్చితే అది ఇద్దరికీ తెలిసిన బేలు. టర్కిష్ భాషలోనూ కర్మకు విభక్తి చేరితే నిర్దిష్టత వస్తుందని మూర్వెట్ ఎన్చ్ 1991లో చూపించింది. ‘ఒక’ గానీ విభక్తి గానీ లేని నామవాచకం ఎప్పుడూ ‘లేదు’ కిందే ఉంటుంది, పైకి ఎక్కే ఓపిక దానికి లేదు.

వాటా చెప్పే మాటలు

తెలుగు అసలు బలం కనబడేది పంపకం దగ్గర. ‘ముగ్గురు రైతులు పది బేళ్లు తెచ్చారు’ అంటే మొత్తం పది. ఎవరు ఎన్ని తెచ్చారో వాక్యం చెప్పదు. ‘ముగ్గురు రైతులు పదేసి బేళ్లు తెచ్చారు’ అంటే ముప్పై. రెండు వాక్యాల్లోనూ ‘ప్రతి’ లేదు. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యానికి పంపకపు అర్థం ఇవ్వాలంటే, కనబడని ‘ప్రతి ఒక్కరూ’ ఒకటి క్రియ పక్కన నక్కి ఉందని సిద్ధాంతకర్తలు ఊహించుకోవాలి. తెలుగులో దాని జాడ ‘‑ఏసి’ రూపంలో సంఖ్య మీదే ఉంది.

పంపకంలో రెండు పక్షాలుంటాయి: ఎవరికి పంచుతున్నాం, ఎంత పంచుతున్నాం. ‘ప్రతి’ మొదటి పక్షానికి గుర్తు. రెండేసి, ఇద్దరేసి, ‘అయిదు కిలోల చొప్పున’ అన్నవి రెండో పక్షానికి, అంటే వాటాకు, గుర్తులు. ‘తలా’ మొదటి పక్షాన్ని చూపిస్తుంది కానీ మనుషులకే. ‘కేంద్రాలకు తలా ఒక కంప్యూటరు’ వంటివి వినబడుతున్నా కొంత సాగదీసినట్టే ఉంటాయి. ‘ఒక్కొక్క’ రెండు పక్షాలకూ పనికొస్తుంది: ‘ఒక్కొక్కరికి ఒక్కొక్కటి’ అన్న రెండు మాటల్లో మొదటిది ఎవరికన్నది, రెండోది ఎంతన్నది. ఇక ‘ఇంటికొకరు రావాలి’ అన్నప్పుడు పైకి కనబడే పరిమాణవాచకమే లేదు. చతుర్థి విభక్తి ‘కి’ ఒక్కటే మొత్తం పంపకాన్ని మోస్తున్నది. ఊరి ఇళ్లన్నిటికీ కలిపి ఒకే మనిషి వస్తాడన్న అర్థం ‘ఇంటికొకరు’కు లేదు. ‘ప్రతి ఇంటికీ ఒకరు వస్తారు’ అన్న దానికి ఆ అర్థం ఉంది, జనాభా లెక్కల మనిషి వచ్చినట్టు.

ఎవరికి పంచుతున్నామన్నది మారితే ఏమవుతుందో 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలో చూడవచ్చు. ప్రాధాన్య కుటుంబాలకు నెలకు మనిషికి 5 కిలోల చొప్పున, అంత్యోదయ కుటుంబాలకు కుటుంబానికి 35 కిలోల చొప్పున తిండిగింజలు. ఏడుగురున్న ఇంటికి రెండు లెక్కలూ సమానం. ముగ్గురున్న ఇంటికి ఒక లెక్కలో 15, ఇంకో లెక్కలో 35. రెండు వాక్యాల నిర్మాణమూ ఒకటే. ‘కి’ ఏ మాట మీద చేరిందన్నదే తేడా. నెల్లూరు వరి లెక్కల్లోనూ అంతే: ‘ఎకరానికి మూడు పుట్ల చొప్పున పండింది’ అంటే, నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి, ఎకరానికి 2,550 కిలోలు. ‘అయిదు ఎకరాల్లో మూడు పుట్లు పండింది’ అంటే రైతు నష్టపోయాడని.

సంఖ్యను రెండుసార్లు చెప్పడం ఇంకా ఆసక్తికరమైన పద్ధతి. ‘పిల్లలు రెండు రెండు కోతులను చూశారు’ లాంటి తెలుగు వాక్యాలను భాషాశాస్త్రవేత్త రాహుల్ బాలుసు 2006 నాటి పరిశోధనలో విశ్లేషించాడు. ఒక్కొక్క పిల్లవాడు రెండు కోతులను చూశాడన్నది ఒక అర్థం. చూసిన ప్రతిసారీ రెండు కనబడ్డాయన్నది రెండోది. చూసిన ప్రతి చోటా రెండున్నాయన్నది మూడోది. రెండో అర్థానికి కర్త బహువచనం కానక్కరలేదు. ‘హమాలీ రెండు రెండు బస్తాలు దించాడు’ అంటే హమాలీ ఒక్కడే; పని విడతలైంది, విడతకు రెండు బస్తాలు. ఇక్కడ పంపకం మనుషుల మధ్య కాదు, జరిగిన పని ముక్కల మధ్య. అనిశ్చిత పదబంధం ‘ప్రతి’ మీద ఆధారపడుతుందని మాత్రమే చెప్పే సిద్ధాంతం ఈ హమాలీ వాక్యం దగ్గర చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఆధారపడటానికి అక్కడ ‘ప్రతి’ లేదు. హంగేరియన్ భాషలో జంట సంఖ్యల గురించి డోంకా ఫార్కష్ 1997లో రాసినప్పుడు ఇలాంటివాటికి ‘పరాధీన అనిశ్చితాలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది.

నిజానికి ఈ గమనిక భారతీయ వ్యాకరణానికి కొత్త కాదు. మాటను రెండుసార్లు ఎప్పుడు చెప్పాలో పాణిని అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే ‘నిత్యవీప్సయోః’ అన్న సూత్రంలో ఉంది. వీప్స అంటే ఒక గుణం గానీ పని గానీ గుంపులోని ఒక్కొక్క దానికీ వర్తించాలన్న ఉద్దేశం. తెలుగు వ్యాకరణాలు ఆమ్రేడితం పేరుతో ‘ఒక్కొక్క’ ఎలా సంధి అవుతుందో విస్తారంగా చెప్పాయి. అది వాక్యార్థాన్ని ఎలా మారుస్తుందన్న దాని మీద అంత శ్రద్ధ పెట్టలేదు.

ఓ, ఊ, ఐనా

తెలుగులో అనిశ్చిత పదాలు చాలావరకు ప్రశ్న పదాల మీద కట్టినవే: ఎవరు నుంచి ఎవరో, ఎవరైనా, ఎవరూ. చివర చేరేవి వేరేచోట చేసే పని చూస్తే లోపలి తర్కం బోధపడుతుంది. ‘ఇవాళో రేపో’ అన్నప్పుడు ‘ఓ’ వికల్పం: ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు. ‘రైతూ కూలీ’ అన్నప్పుడు దీర్ఘం సముచ్చయం: ఇదీ కావాలి, అదీ కావాలి. తర్కశాస్త్రం ప్రకారం ‘ఉనికి’ అంటే సాగదీసిన వికల్పం: ఇతను గానీ, అతను గానీ, మరొకరు గానీ వచ్చారు. ‘సర్వం’ అంటే సాగదీసిన సముచ్చయం: ఇతనూ, అతనూ, మిగతా వారూ వచ్చారు. తెలుగు ‘ఎవరో’లో వికల్పపు ఓ ఉంది, ‘అందరూ’లో సముచ్చయపు ఊ ఉంది. ‘పది బేళ్లు’ను ‘పది బేళ్లూ’గా మార్చిన దీర్ఘమూ ఇదే. జపనీస్‌లోనూ ప్రశ్న పదాల మీద ఇలాంటి రెండు ప్రత్యయాలు ఈ రెండు పనులూ చేస్తాయి. ఈ పోలిక కాకతాళీయం కాదని, పరిమాణవాచకాల లోపలి నిర్మాణమే ఇదని చాలామంది పరిశోధకులు నమ్ముతారు.

ఈ మూడింటి వాడుక చోట్లు వేరు. ‘ఎవరో వచ్చారు’ అంటే వచ్చిన మనిషి ఉన్నాడు, చెప్పేవారికి అతనెవరో తెలియదు. ‘ఎవరైనా వచ్చారా?’ అన్నది ప్రశ్న, ‘ఎవరైనా రావచ్చు’ అన్నది అనుమతి. ‘ఎవరైనా వచ్చారు’ అని జరిగిపోయిన సంగతిగా చెబితే మాత్రం వాక్యం కుంటుతుంది. ‘ఎవరూ’ ఉందంటే చివర ‘లేదు’ వంటి నిరాకరణ ఉండాల్సిందే. ‘ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు పొగాకు వేస్తారు’ అన్నప్పుడు ‘ఒకరు’ చేరడంతో, చెప్పేవారికి తెలియకపోవడం అన్న అంశం పలచబడి, ఊరిని బట్టి మనిషి మారే అర్థం గట్టిపడుతుంది.

‘అందరూ రాలేదు’

వార్తల్లోనూ సభల్లోనూ నిజంగా గొడవ పెట్టేది ఈ రకం వాక్యం. సమావేశానికి ‘రైతులు అందరూ రాలేదు’ అంటే కొందరు వచ్చారా, ఒక్కరూ రాలేదా? చాలామందికి మొదట తట్టేది ‘కొందరే వచ్చారు’ అన్నది. కానీ ‘ఆ వీధి వాళ్లు అందరూ రాలేదు, కోపంగా ఉన్నారు’ అంటే పూర్తిగా రాకపోవడమే. ‘లేదు’ పరిధిలో ‘అందరూ’ ఉంటే మొదటిది, బయట ఉంటే రెండోది. మాటల వరుస ఇక్కడ సాయం చేయదు, ఎందుకంటే ‘లేదు’ ఎప్పుడూ చివరే. పలికే తీరు కొంత సాయం చేస్తుంది, అచ్చులో అదీ పోతుంది.

‘పది బేళ్లు అమ్ముడుపోలేదు’, ‘పది బేళ్లూ అమ్ముడుపోలేదు’ కూడా ఇంతే. మొదటిదానికి పది మిగిలిపోయాయన్న అర్థం స్థిరంగా ఉంది. రెండోదానికి ఒక్కటీ పోలేదన్నది ఒక అర్థం, మొత్తం పదీ పోలేదు కానీ ఏడో ఎనిమిదో పోయాయన్నది మరొకటి. నోబిడ్ బేళ్ల, అంటే వేలంలో ఎవరూ పాడని బేళ్ల, లెక్క రాసేటప్పుడు ఈ తేడా డబ్బులతో ముడిపడి ఉంటుంది.

విచిత్రమేమిటంటే ‘ఎవరూ రాలేదు’, ‘ఒక్క బేలూ పోలేదు’ అన్నవాటిలోనూ అదే దీర్ఘం ఉంది, కానీ సందిగ్ధం లేదు. ‘ఎవరూ’, ‘ఒక్కరూ’ ఎప్పుడూ పూర్తి నిరాకరణే. ‘వీరూ రాలేదు, వారూ రాలేదు, ఇంకొకరూ రాలేదు’ అని సాగదీస్తే దీర్ఘం సముచ్చయంగానే, ‘లేదు’కు పైనే నిలబడి ఉన్నట్టు చూడవచ్చు. లేదా ‘ఒక్కరు కూడా’ అన్న అర్థంలో, అంటే అతి చిన్న సంఖ్యను పట్టుకుని అదీ లేదని చెప్పేదిగా, చూడవచ్చు. లెక్క రెండు దారుల్లోనూ ఒకటే వస్తుంది. భాషాశాస్త్రంలో ఈ రెండు విశ్లేషణలకూ మద్దతుదారులున్నారు. ‘ఒక్క’ అన్న ద్విత్వ రూపం ‘ఒక’ స్థానంలో తప్పనిసరిగా రావడం రెండో దానివైపు కొంత మొగ్గు చూపుతుంది.

రొట్టె తెచ్చినవారు దాన్ని ఎవరికిస్తారు

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి వదులుతారు, అదే కోరిక ఉన్నవారు దాన్ని పట్టుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని రొట్టెకో పేరు. ఈ ఆచారాన్ని ఒక్క వాక్యంలో చెబితే: ‘ఒక రొట్టె తెచ్చిన ప్రతి మనిషీ దాన్ని ఇంకొకరికి ఇస్తాడు’. చూడటానికి సాదా వాక్యమే. కానీ రసెల్ చెప్పినట్టు ‘ఒక రొట్టె’ ఉనికి ప్రకటనే అయితే, ఆ ఉనికి ‘తెచ్చిన’ అన్న విశేషణ వాక్యం లోపలే ముగిసిపోతుంది. బయట ఉన్న ‘దాన్ని’ ఏ రొట్టెను పట్టుకుంటున్నట్టు?

1962లో తత్వవేత్త పీటర్ గీచ్ రైతులూ గాడిదలతో కూడిన ఉదాహరణతో దీన్ని మళ్లీ చర్చకు తెచ్చాడు. అందుకే ఇలాంటివాటికి గాడిద వాక్యాలన్న పేరు స్థిరపడింది. 1981లో హాన్స్ కాంప్, 1982లో ఐరీన్ హైమ్ విడివిడిగా దాదాపు ఒకే పరిష్కారం చెప్పారు. ‘ఒక’కు సొంతంగా పరిమాణం లేదు. అది కొత్త ఖాతా తెరుస్తుంది, అంతే. తర్వాత వచ్చే ‘అది’, ‘దాన్ని’ ఆ ఖాతాలోనే జమ అవుతాయి. పైన ‘ప్రతి’ లాంటిది ఉంటే మనిషి ఖాతానూ రొట్టె ఖాతానూ కలిపి జంటగా లెక్కిస్తుంది. అంటే ‘మనిషి, అతను తెచ్చిన రొట్టె’ అన్న ప్రతి జంటకూ ఇవ్వడం జరగాలి. ‘ఒక’, ‘ప్రతి’ ఒకే జాతివి కావన్న అనుమానానికి ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

అయితే ఈ పరిష్కారం ఒక్కోసారి మరీ గట్టిగా బిగుస్తుంది. మూడు రొట్టెలు తెచ్చిన మనిషి రెండు ఇచ్చి ఒకటి ఇంటికి తీసుకుపోతే వాక్యం అబద్ధమా? జంటల లెక్క ప్రకారం అబద్ధం. ఆచారం తెలిసినవారిలో చాలామంది అంత పట్టించుకోరు, ఇచ్చాడు కదా అంటారు. ‘ఒంగోలు ఎద్దును కొన్న ప్రతి రైతూ దాన్ని జాగ్రత్తగా మేపుతాడు’ అన్నప్పుడు మాత్రం మూడు ఎద్దుల్లో ఒకదాన్ని పస్తు పెడితే ఎవరూ ఒప్పుకోరు. నిర్మాణం ఒకటే, తీర్పు వేరు. ఈ తేడా వ్యాకరణంలో ఉందా, క్రియ స్వభావంలో ఉందా, లోకజ్ఞానంలో ఉందా అన్నది తెగలేదు.

తెలుగులో ఇదే సంగతికి ఇంకో వాక్య నిర్మాణం ఉంది: ‘ఎవరు ఏ రొట్టె పట్టుకుంటే వాళ్లకు ఆ కోరిక తీరుతుందని నమ్మకం’. ఇందులో ‘ఒక’ లేదు, ‘ప్రతి’ లేదు. ప్రశ్న పదాలు రెండు, వాటికి జవాబుగా ‘వాళ్లు’, ‘ఆ’. కాంప్, హైమ్ తెర వెనుక కట్టిన జంటలు ఇక్కడ పైకే వినబడుతున్నాయి. గాడిద వాక్యం ఇంగ్లీషులో చిక్కుముడిలా కనబడటానికి ఒక కారణం, ఇలా జంటలను పేరుపేరునా కలిపే నిర్మాణం అక్కడ వాడుకలో లేకపోవడం.

ప్రకటనలు, ఒప్పందాలు, అనువాదాలు

దీని ప్రభావం ఎక్కువగా పడేది ఇంగ్లీషులో రాసి తెలుగులోకి దించే కాగితాల మీద. ఇంగ్లీషు మూలంలోని అస్పష్టతను అనువాదకుడు ‘ప్రతి... ఒక’ అని యథాతథంగా దించితే అస్పష్టత కూడా దిగుతుంది. రొయ్యల చెరువుల లీజు కాగితంలో ‘నాలుగు చెరువులకు రెండు ఏరియేటర్లు’ (నీటికి గాలి అందించే యంత్రాలు) అని ఉంటే మొత్తం రెండే ఇచ్చి సరిపెట్టవచ్చు. ‘చెరువుకు రెండు చొప్పున’ అంటే ఎనిమిది ఇవ్వాలి. ఇంగ్లీషు వాక్యానికి రెండర్థాలున్నా, తెలుగు రాసేవారు ‘చొప్పున’ పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోక తప్పదు. యంత్రానువాదం తరచూ పొరపడేదీ ఇక్కడే: మూలంలో కనబడని సమాచారం తెలుగులో కనబడాలి, దాన్ని ముందు వెనుక వాక్యాల నుంచి ఊహించాలి.

‘లేదు’, ‘కారు’ ఉన్న వాక్యాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. ‘దరఖాస్తు చేసినవారందరూ అర్హులు కారు’ అన్న ప్రకటన చదివి, అర్హత ఉన్నవారు కూడా తమకు రాదనుకుని వెనుదిరగవచ్చు. ‘దరఖాస్తు చేసినవారిలో కొందరు అర్హులు కారు’ అని గానీ, ‘ఎవరూ అర్హులు కారు’ అని గానీ రాస్తే ఆ చిక్కు ఉండదు.